డాబా మీద పాచి, పెంకు మీద నాచు: ఎలా తీయాలి, మళ్లీ రాకుండా ఏం చేయాలి

కోనసీమలో మా ఇల్లు సగం పెంకుటిల్లు, సగం డాబా. ముందు తాతయ్య కట్టించిన బెంగుళూరు పెంకుల వసారా, వెనక నాన్న వేయించిన శ్లాబు, చుట్టూ కొబ్బరి చెట్లు. పాచికి కావాల్సిన నీడ, తడి, గాలికి ఎగిరొచ్చే దుమ్ము అన్నీ మేమే సమకూర్చి పెట్టాం. జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరు చివర్లో కాస్త తెరిపిస్తుందనుకుంటే, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు, ఆ మధ్యలో ఓ వాయుగుండం. డిసెంబరు దాకా కప్పు పూర్తిగా ఆరిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఏటా దీపావళికి ప్రమిదలు పెట్టడానికి డాబా ఎక్కే ముందు పాచి గీకడం మా ఇంట్లో నా డ్యూటీ. మొదట్లో ఎంత గీకినా మరుసటి ఏడాదికి అదే చోట, అదే ఆకారంలో తిరిగొచ్చేది. గీకుడు సరిగ్గా లేదేమో అని ఇంకా గట్టిగా గీకేవాణ్ణి. ఆ చోట నీళ్లు ఎందుకు ఆగుతున్నాయో చూడాలని తట్టడానికి చాలా ఏళ్లే పట్టింది. అందుకే ఈ పని బ్రష్‌తో కాకుండా సుద్దముక్కతో మొదలుపెట్టమంటాను.

ముందు సుద్దముక్క తీసుకుని పైకెక్కండి

మంచి వాన పడి వెలిసిన మర్నాడు డాబా ఎక్కండి. ఇంకా నీళ్లు నిలిచి ఉన్న ప్రతి మడుగు చుట్టూ సుద్దతోనో బొగ్గుతోనో గీత గీయండి. ఆ మర్నాడు మళ్లీ చూడండి. రెండో రోజుకి కూడా చెమ్మగా ఉన్న చోట్లే మీ అసలు సమస్య. మాకు అలాంటివి మూడు తేలాయి: ట్యాంకు పొంగి పడే చోటు, ఏసీ నీళ్ల పైపు కారే మూల, తూము ముందు శ్లాబు కాస్త కుంగిన జాగా. పాచి కూడా సరిగ్గా ఆ మూడు చోట్లే ఒత్తుగా ఉంది. మిగతా డాబా మీద ఉన్నది వాటి నుంచి పాకిన పలచటి పొర.

అక్కడున్నది ఏమిటో కూడా చూసుకోండి, ఎందుకంటే పని దాన్ని బట్టే. గోటితో గీకినా రాని నల్లటి మరకలైతే అవి ఒక రకం సూక్ష్మజీవులు, చూడ్డానికి బాగోదు తప్ప పెద్ద ప్రమాదం లేదు. చెయ్యి పెడితే జారిపోయే ఆకుపచ్చ జిగురు మనం మామూలుగా పాచి అనేది. కాళ్లు విరగ్గొట్టేది ఇదే. మూడోది మఖమల్ గుడ్డలా మెత్తగా, దళసరిగా ఉండే నాచు. ఇది నిజంగా చిన్న చిన్న మొక్కల గుంపు. దీనికి అసలైన వేళ్లుండవు, సన్నటి పోగుల్లాంటి వాటితో పట్టుకుని ఉంటుంది, నీళ్లు ఆకులతోనే పీల్చుకుంటుంది. ఎండాకాలంలో గోధుమరంగులోకి మారి పొడి పొడిగా కనిపిస్తే చచ్చిపోయిందనుకుంటాం. నమ్మకం లేకపోతే దాని మీద ఓ చెంబుడు నీళ్లు పోసి కాసేపు ఆగండి. ముడుచుకున్న ఆకులు విచ్చుకుని మీ కళ్ల ముందే పచ్చబడుతుంది.

నాచు సిమెంటుని రాత్రికి రాత్రి తినేయదు. కానీ స్పాంజిలా నీళ్లు పట్టుకుని కప్పుని ఆరనివ్వదు. ఆ తడి సన్నటి పగుళ్లలోంచి దిగి లోపలి ఇనప ఊచలకి చేరితే తుప్పు, తుప్పు ఉబ్బితే పెచ్చులు. వంటింటి సీలింగు మీద కనిపించే మరక అక్కణ్ణించి వచ్చిందే.

ఎప్పుడు చేయాలి

గీకడానికి నాచు తడిగా ఉండాలి, మందు వేయడానికి ఆ తర్వాత కనీసం రెండు రోజులు వాన ఉండకూడదు. మా వైపు ఇవి రెండూ కలిసొచ్చేది సెప్టెంబరు చివర్లో తెరిపి దొరికినప్పుడు, లేదా డిసెంబరులో. ఎండాకాలంలో చేయాలంటే ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి నానబెట్టండి. పగుళ్లు పూడ్చడం, పైన కోటింగు వేయడం మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. లోపలి చెమ్మ ఆరకుండా పైన ఏది పూసినా బుడగలు లేచి ఊడొస్తుంది.

డాబా మీద పని

పాత బట్టలు, చేతులకి రబ్బరు గ్లోవ్స్, కళ్లకి అద్దాలు. కాళ్లకి అరిగిపోయిన హవాయి చెప్పులు అస్సలు వద్దు. తడి పాచి మీద నిలబడాల్సి వస్తే కింద గోనెసంచి పరుచుకోండి, పట్టు దొరుకుతుంది. పిట్టగోడ లేని డాబా అయితే అంచు నుంచి లోపలికి కాకుండా లోపలి నుంచి అంచు వైపు పని చేస్తూ, చివరి మూడడుగులు కర్రకి కట్టిన బ్రష్‌తో దూరం నుంచే కానివ్వండి. ఒక్కరే ఎక్కకండి. కింద ఒక మనిషి ఉండాలి, ఫోన్ చూస్తూ కూర్చునే మనిషి కాకుండా.

పని మొదలుపెట్టే ముందు తూములకి జాలీ ముక్క అడ్డం పెట్టండి. లేకపోతే గీకిన చెత్తంతా పైపులోకి పోయి, వచ్చే వానకి డాబా చెరువవుతుంది. వాన నీటిని బావికో ఇంకుడు గుంతకో పంపే పైపు ఉంటే ఊడదీసి పక్కకి తిప్పండి. ట్యాంకు మూత బిగించండి. కుండీలు ఒక పక్కకి చేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పండి.

ఇక గీకుడు. దళసరి నాచుని తాపీ అంచుతో ఏటవాలుగా లేపితే అట్లకాడతో దోసె తీసినట్టు పెద్ద పెద్ద ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క తిరగేసి చూడండి: కింద వేలెడు మందాన నల్లటి బురద, అందులో చీమల గుడ్లు, ఒక్కోసారి చిన్న జెర్రి. అదంతా మీ శ్లాబు మీద ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి. దీన్ని తీయకుండా పైన మందు పోస్తే మందు ఆ బురదలోనే ఇంకిపోతుంది. ఈ ముక్కల్ని పారేయనక్కర్లేదు. మందు తగలక ముందు తీసినవి కాబట్టి కుండీల్లో మట్టి మీద పరిస్తే తేమ నిలుస్తుంది. పలచటి పాచిని గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తోనో, సగానికి విరిచిన ఈనెల చీపురుతోనో నీళ్లు పోస్తూ రుద్దండి. ఇనప తీగల బ్రష్ వద్దు. సిమెంటు పైపొర గీతలు పడుతుంది, తెగిన తీగముక్కలు అక్కడే ఉండి తుప్పు మరకలవుతాయి.

తర్వాత బ్లీచింగ్ పౌడరు. కొత్త ప్యాకెట్ వాడండి. మూత తీసి ఏడాదిగా పడున్నదానిలో ఘాటు పోయి సున్నం మిగులుతుంది. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో పావుకిలో పొడి వేసి కర్రతో కలిపి అరగంట వదిలేయండి. అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, పైన తేరిన నీళ్లు వాడండి. ఎండ చల్లబడ్డాక, సాయంత్రం నాలుగింటికి, పాచి పట్టిన చోటంతా తడిసేలా పోసి బ్రష్‌తో పరవండి. 15, 20 నిమిషాలు ఆరిపోకుండా చూడాలి, అందుకే మిట్టమధ్యాహ్నం వద్దంటున్నాను. పచ్చదనం తెలుపులోకి తిరిగాక మళ్లీ ఓసారి రుద్ది, ధారాళంగా కడిగేయండి. ఈ కడగడంలో పిసినారితనం చేయకండి. బ్లీచింగ్‌లోని క్లోరైడ్ పగుళ్లలో మిగిలితే ఊచలకి మంచిది కాదు. 100 గజాల డాబాకి ఇలాంటి బకెట్లు ఓ మూడు పడతాయి, గరుకు శ్లాబైతే ఇంకొకటి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకండి. బ్లీచింగ్ ఉన్న చోట ఆసిడ్ గానీ, బాత్‌రూమ్ క్లీనర్ గానీ, అమ్మోనియా ఉన్నది గానీ కలపకూడదు. వచ్చే విషవాయువు ఆరుబయట కూడా ఊపిరాడకుండా చేస్తుంది. ‘రెండూ కలిపితే డబుల్ పవర్’ అనే వాళ్లు మీ వీధిలో కూడా ఉంటారు.

ఆసిడ్ సంగతి వచ్చింది కాబట్టి నా నిర్వాకం కూడా చెప్తాను. ఒక ఏడాది ఓ మేస్త్రి సలహా మీద బాత్‌రూమ్‌లు కడిగే ఆసిడ్‌ని నీళ్లలో కలిపి డాబా అంతా పోశాను. బుస్సుమని నురగ లేచింది. పది నిమిషాల్లో శ్లాబు కొత్త ఇంటి శ్లాబులా తెల్లగా మెరిసింది. అమ్మ చూసి మెచ్చుకుంది కూడా. నురగ రావడమంటే సిమెంటు కరుగుతోందని అప్పుడు తెలియలేదు. నున్నటి పైపొర పోయి ఇసక తేలింది, చెయ్యి పెడితే గరుకు కాగితంలా తగిలేది. మరుసటి ఏడాది ఆ గరుకులో పాచి ఎప్పుడూ లేనంతగా పట్టింది. రాళ్ల ఉప్పు చల్లే అలవాటు కూడా చాలా ఇళ్లలో ఉంది. ఉప్పు పాచిని చంపే మాట నిజమే, కానీ లోపలి ఇనుముకి అంతకంటే చేటు లేదు.

బ్లీచింగ్ వాసన పడని వాళ్లకి ఇంకో దారి ఉంది, మా వైపు వాళ్లకైతే మరీ తేలిక. రొయ్యల చెరువుల మందుల షాపులో బీకేసీ అని అడగండి. చెరువుల్లో క్రిమిసంహారకంగా వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ అది. విదేశాల్లో నాచు మందు పేరుతో సీసాల్లో అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది కూడా అదే. 50 శాతం బీకేసీ అయితే 10 లీటర్ల నీళ్లకి 300 మిల్లీలీటర్లు కలిపి, ఆరిన కప్పు మీద స్ప్రేయర్‌తో తడిపి వదిలేయాలి. కడగక్కర్లేదు. కానీ నిదానం మీద పని చేస్తుంది: నాచు వారం, రెండు వారాల్లో గోధుమరంగులోకి తిరిగి ఎండుతుంది, అప్పుడు ఊడ్చుకోవాలి. ఇది చేపలకి విషం, కళ్లలో పడితే ప్రమాదం. కప్పు మీది నీళ్లు పంటకాలవలోకో చెరువులోకో పోయే ఇళ్లలో వద్దు. బ్లీచింగ్‌తో దీన్ని కూడా కలపకూడదు.

పెంకుటిల్లైతే పద్ధతే వేరు

పెంకుల మీద డాబా మీద నడిచినట్టు నడవలేం. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి ఎడంగా వేసి, చూరుకి కాకుండా గట్టిగా ఉన్నదానికి ఆనించి, పైన తాడుతో కట్టండి. ముందు సర్వీసు వైరు ఎటు పోతోందో చూడండి. పెంకుల కింద కందిరీగల పట్టు ఉందేమో చూడండి. కప్పు మీదికి ఎక్కక తప్పకపోతే ఇంకో నిచ్చెనని ఏటవాలుగా పడుకోబెట్టి, నడికొప్పుకి (రెండు వాలులు పైన కలిసే చోటు) అవతలి వైపు నుంచి తాడుతో బిగించి, దాని మీదే కదలండి. బరువు వాసాల మీద పడాలి, పెంకు మీద కాదు. పెంకు పని తెలిసిన మనిషి దొరికితే కూలి ఇచ్చేయండి. ఈ ఒక్క పనిలో నేను డబ్బు చూసుకోను.

బెంగుళూరు పెంకులు ఒకదానికొకటి గాడుల్లో కూర్చుంటాయి. నాచు మొదట చేరేది ఆ గాడుల్లోకే. అది ఉబ్బి పెంకుని సన్నగా పైకి లేపుతుంది. వాన నీళ్లు కిందికి జారకుండా ఆ సందులోంచి వెనక్కి తిరిగి పెంకుల కింది రీపర్ల (చెక్క పట్టీల) మీద పడతాయి. చెక్క కుళ్లే వరకు ఎవరికీ తెలియదు. అందుకని పైపైన రుద్ది ఊరుకుంటే లాభం లేదు.

అన్నిటికంటే మంచి పద్ధతి, పని ఎక్కువైనా, వేసవిలో కప్పు తిరిగి నేయించేటప్పుడు పెంకులు దింపి కిందే కడగడం. ఒక సిమెంటు తొట్టెలో బ్లీచింగ్ నీళ్లు కలిపి పెంకుల్ని అరగంట నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, గాడుల్లోది వెదురు పుల్లతో తీసి, మంచి నీళ్లలో ముంచి ఎండలో నిలబెట్టాలి. ఆరాక ఒక్కోదాన్నీ వేలి మెటికతో కొట్టి చూడండి. మంచి పెంకు ఖంగుమంటుంది. బీట పడింది టప్‌మని బండగా పలుకుతుంది. మా వసారా దింపినప్పుడు పైకి బాగానే ఉన్నవాటిలో కూడా ఆరేడు ఇలా పట్టుబడ్డాయి.

దింపడం కుదరకపోతే నడికొప్పు నుంచి కిందికి, చూరు వైపు మాత్రమే బ్రష్ కొట్టండి. ఎదురు కొడితే చెత్తంతా పెంకు కిందికి పోతుంది. నీళ్లు జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ అద్దెకి తెస్తామంటారు కుర్రాళ్లు. వద్దు. ఆ జోరుకి పెంకు నున్నటి పైపొర లేచిపోతుంది, నీళ్లు సందుల్లోంచి అటక మీదికి దూకుతాయి. శ్లాబు మీద కూడా వాటర్‌ప్రూఫ్ కోటింగు ఉంటే దాన్ని దగ్గరగా పెట్టకండి.

సిమెంటు రేకుల ఇళ్ల వాళ్లకి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గీకినా, రుద్దినా, ప్రెషర్‌తో కొట్టినా కంటికి కనపడని పోగులు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి. పైగా పాత రేకు మనిషి బరువుకి ఠకీమని విరుగుతుంది. కాబట్టి రేకు ఎక్కకుండా నిచ్చెన మీది నుంచే బీకేసీ స్ప్రే చేసి వదిలేయండి. ఎండిన నాచు వానలకి అదే రాలిపోతుంది.

మళ్లీ రాకుండా

ఇప్పుడు సుద్ద గీతల దగ్గరికి వెనక్కి రండి. నాచు విత్తనాల్లాంటివి గాలిలో తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఆపలేం. అవి పడ్డ చోట తడి లేకుండా చూడగలం.

ట్యాంకు పొంగుతుంటే ఫ్లోటు మార్చండి, పొంగు నీళ్ల పైపుని నేరుగా తూములోకి వేయండి. ఏసీ పైపుకి ఇంకో నాలుగడుగుల గొట్టం తగిలించి కిందికి దింపండి. ఈ రెండూ ఒక్క పూట పని, మా డాబా మీద సగం పాచి వీటితోనే పోయింది. కుంగిన జాగాని ఎండాకాలంలో మేస్త్రితో సరిచేయించండి. తూము వైపు ప్రతి పది అడుగులకి కనీసం అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. పగుళ్లలో రావి మొక్క మొలిచి ఉంటే నాచు కంటే దాని గురించి ముందు ఆలోచించండి. పీకడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే వేరుతో సహా తీసి గుడి ఆవరణలో నాటించండి. మా నాయనమ్మ ఆ షరతు మీదే ఒప్పుకుంది.

నీడ సంగతి. మా పెంకుల మీద వంగిన కొబ్బరి మట్టల్ని, కాయల దింపు తీయడానికి వచ్చినవాళ్లతోనే కొట్టించేస్తున్నాం. చెట్టు ఎక్కి ఉంటారు కాబట్టి వాళ్లకి అదనపు శ్రమ తక్కువ. ఉదయం ఎండ రెండు గంటలు ఎక్కువ పడినా కప్పు ఆరే తీరు మారిపోతుంది. మిద్దెతోట పెంచేవాళ్లు, హైదరాబాదులో ఇప్పుడు ఇంటికొకటి ఉంది, కుండీలని నేరుగా శ్లాబు మీద పెట్టకుండా స్టాండ్ల మీదో ఇటుకల మీదో ఎత్తుగా పెట్టండి. కింద గాలి ఆడాలి, చీపురు దూరాలి.

పైపూత విషయానికొస్తే, పాతకాలంలో ఏటా సున్నం వేసేవాళ్లు ఊరికే వేయలేదు. తాజా సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల పాచి అంత త్వరగా పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఆ గుణం పోయే కొద్దీ మళ్లీ మొదలవుతుంది, అందుకే ఏటా వేయాలి. ఇప్పుడు వేడి తగ్గుతుందని తెల్లటి కూల్ రూఫ్ పెయింట్లు వేయించేవాళ్లు పెరిగారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక విధానమే తెచ్చింది. మంచిదే. కానీ పాచి మీద పెయింట్ వేస్తే ఆ పెయింట్ పాచితో సహా ఊడుతుంది. ముందు పైన చెప్పినట్టు కడిగి, ఆరనిచ్చి, పగుళ్లు పూడ్చాకే వేయించండి.

పెంకులకి నాకు బాగా నచ్చింది రాగి చిట్కా. నడికొప్పు పెంకుల కింద, ఈ చివర నుంచి ఆ చివరికి తొడుగు తీసేసిన దళసరి రాగి తీగ కనపడేలా పరవండి. వాన నీళ్లలో రాగి అణుమాత్రంగా కరిగి కిందికి జారుతుంది. తీగ కింద కొన్ని అడుగుల మేర నాచు రాదు. ద్రాక్ష, కొబ్బరి తోటల్లో బోర్డో మిశ్రమం కొట్టేవాళ్లకి ఇందులో వింతేమీ లేదు, అందులోని మైలుతుత్తం కూడా రాగి లవణమే. ఇనప రేకుల కప్పుకి, జింకు పూసిన వాన గొట్టాలున్న చోట మాత్రం ఇది వద్దు, రాగి నీళ్లు వాటిని తినేస్తాయి. ఇంకో ఇబ్బంది: మా తీగని మొదటి ఏడాదే ఎవరో ఎత్తుకెళ్లారు. రెండోసారి మేకులతో బిగించాం.

సియాటిల్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇదంతా విని నవ్వాడు. వాళ్ల కప్పులు చెక్క మీద పరిచిన తారు పలకలు (షింగిల్స్), అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ముసురు, ఉత్తరం వైపు వాలు నిండా నాచు. అక్కడ రాగికి బదులు నడికొప్పు వెంట జింకు పట్టీలు వేయడం ఎక్కువ. గట్టిగా రుద్దితే షింగిల్ మీది రాతి నలుసులు రాలిపోతాయి కాబట్టి మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికే. కప్పు మీది నీళ్లు సాల్మన్ చేపలుండే వాగుల్లోకి పోతాయి కాబట్టి రాగి విషయంలో అక్కడ జాగ్రత్త ఎక్కువ. ఆ ఊళ్లో ఇల్లు కొన్న మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లు కూడా ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దని వాడి మాట.

ఏడాదికి రెండుసార్లు పైకెక్కితే చాలు. మే నెలాఖరులో ఆకులు ఊడ్చి తూములు చూసుకోవడానికి, దీపావళి ముందు పలచటి పాచి కనిపిస్తే అది నాచుగా ముదరకముందే అరబకెట్ బ్లీచింగ్‌తో తుడిచేయడానికి. ఎక్కినప్పుడల్లా తూముకి బాగా దూరంగా ఉన్న మూలలో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. నీళ్లు దారిలో ఎక్కడ ఆగితే అక్కడ మళ్లీ ఓ సుద్ద గీత గీయండి.